పచ్చ గీతలు, ఎర్ర గీతలు

మా పెద్దోడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా, ఒక శనివారం రాత్రి మదనపల్లె నుంచి ఆఖరి బస్సుకు పెద్దమండ్యం వచ్చాడు. సంచి మంచం మీద పడేసి, చెప్పులు కూడా విప్పకుండా, "మా, నేను కంప్యూటర్స్ మానేస్తా" అన్నాడు.

అన్నం పెట్టి, తిన్నాక అడిగాను. ఆ రోజు కాలేజీలో నలుగురు పిల్లలు కలిసి చేసిన ప్రాజెక్టు చూపించారట. కొత్తగా రాసిన లైన్లు ఏవో, తీసేసినవి ఏవో తెర మీద చూపించమని అడిగారట సారు. వీడు తీసేసిన వాటిని చూపించి "ఇవి మేం కొత్తగా రాసినవి సార్" అన్నాడట. "పచ్చగా కనిపిస్తుంటే తెలీలేదా, కండ్లు పని చేస్తాండాయా?" అన్నాడట ఆయన. క్లాసంతా నవ్విందట. అది మొదటిసారి కాదని కూడా ఆ రాత్రే తెలిసింది. ల్యాబులో ప్రోగ్రాం పాసైతే ఒక చుక్క, ఫెయిలైతే ఒక చుక్క వస్తుందట. వీడు ప్రతిసారీ పక్కవాణ్ణి అడిగి తెలుసుకుంటాడట.

ల్యాప్‌టాప్ తెరవమన్నాను. నాకు కోడు తెలీదు. నేను చదివింది తెలుగు బి.ఏ. కానీ రంగులు తెలుసు కదా. నల్లటి తెర మీద కొన్ని లైన్ల వెనక పచ్చటి పూత, కొన్నిటి వెనక ఎర్రటి పూత.

"ఇవి పచ్చగా, ఇవి ఎర్రగా ఉండాయి. ఇంత మాత్రం తెలీకుండా ఎట్లా పోయిందిరా?" అన్నాను.

వాడు తెర వైపు చూసి, నా వైపు చూసి, "యాడమా ఎర్రగా ఉండేది? అంతా ఒకటే బురద రంగు" అన్నాడు.

అప్పుడు నాకు మా నాయన కోసిన టమోటాలు గుర్తొచ్చాయి.

మా పక్క టమోటా గురించి కొత్తగా చెప్పేదేముంది. మదనపల్లె మార్కెట్టుకు పోయే లారీల్లో మా ఊరి క్రేట్లు కూడా ఉంటాయి. నా చిన్నప్పుడు నాయన తోటలో కోతకు దిగితే వెనకాలే అమ్మ ఉండాల్సిందే. ఆయన పచ్చికాయ, దోరకాయ, పండు అన్నీ కలిపి కోసేవాడు. అమ్మ గట్టు మీద కూర్చొని మళ్లీ ఏరేది. అమ్మ లేని రోజు కోసిన సరుకుకు మండీలో ధర తగ్గేది. "మీ నాయనకు ఓపిక లేదు, చేతికందింది లాగేస్తాడు" అనేది అమ్మ. మేమూ అదే అనుకున్నాం. ఆయన ప్రతి కాయనూ వేళ్లతో ఒత్తి ఒత్తి చూసేవాడని, ఓపిక లేనివాడు ఆ పని చేయడని నలభై ఏళ్లు దాటాక, కొడుకు తెర ముందు కూర్చుంటే గానీ నాకు తట్టలేదు.

ఆయన ఇన్నేళ్లు దొరక్కుండా ఎలా గడిపాడా అనుకుంటే మన భాష కూడా సాయం చేసిందనిపిస్తుంది. తెలుగులో పచ్చగడ్డి పచ్చనే, పసుపుకొమ్మూ పచ్చనే. పచ్చకామెర్లలో కళ్లు ఆకుపచ్చగా ఉండవు కదా! ఎర్రావు అంటాం, అది గోధుమరంగులో ఉంటుంది. "పిల్ల ఎర్రగా ఉంది" అంటే తెల్లగా ఉందని. ఇంత వదులుగా రంగుల పేర్లు వాడే ఇంట్లో ఒక మనిషి రంగు తప్పు చెప్పినా ఎవరు పట్టుకుంటారు? కంప్యూటరు తెర దగ్గర అలా కుదరదు. అక్కడ పచ్చ అంటే ఉంది, ఎరుపు అంటే పోయింది. అంతే.

కంటి డాక్టరు చుక్కల పుస్తకం తెరిచారు. రంగు చుక్కల మధ్యలో అంకెలు దాగి ఉండే ఆ అట్టలను జపాన్ డాక్టరు షినోబు ఇషిహారా 1917లో తెచ్చాడు. నూరేళ్లు దాటినా అదే పరీక్ష. మావాడు మొదటి అట్ట చదివాడు, తర్వాత చాలా వాటిలో "ఏమీ లేదు" అన్నాడు. నాకేమో ఎదురుగా అంకెలు కనబడుతున్నాయి, నోరు నొక్కుకుని కూర్చున్నాను. డాక్టరు వివరం చెప్పారు. ఎరుపు, ఆకుపచ్చలను విడదీసే జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగపిల్లాడికి ఆ క్రోమోజోము ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. ఆడవాళ్లకు రెండు కాబట్టి ఒకటి తేడాగా ఉన్నా రెండోది కాపాడుతుంది. తండ్రికి ఈ తేడా ఉంటే కూతుళ్లందరూ దాన్ని మోస్తారు, వాళ్ల కొడుకుల్లో ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశం. అంటే మా నాయన నుంచి నా ద్వారా వాడికి. నాకేమో అన్నీ కనిపిస్తాయి! ఇంటికొచ్చే దారి పొడుగునా మాట్లాడలేకపోయాను. దీన్ని వర్ణాంధత్వం అంటారు. ఆ మాటలోని అంధత్వం నాకు నచ్చదు. వాడు గుడ్డివాడు కాదు. నీలం, పసుపు నాకంటే చురుగ్గా పట్టేస్తాడు.

ఉత్తర ఐరోపా సంతతి మగవాళ్లలో నూటికి ఎనిమిది మందికి ఈ తేడా ఉందని లెక్క. ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ డాల్టన్ తనకే ఈ తేడా ఉందని గమనించి 1794లో మొదటిసారి శాస్త్రీయంగా రాశాడు. తన కంటిలోని నీరు నీలంగా ఉండడం వల్ల అలా అవుతుందేమో అనుకుని, చనిపోయాక కళ్లు కోసి చూడమన్నాడు. 1844లో చూశారు, నీరు తేటగానే ఉంది. దాచిపెట్టిన ఆ కంటి ముక్కల్లోంచి 1995లో జన్యువు తీసి పరీక్షిస్తే అసలు కారణం దొరికింది. నూటయాభై ఏళ్లు పట్టింది!

మరి ఇంతమందికి ఉన్న విషయమైతే, ఆ తెర మీద రంగులు అలా ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? ఇదీ నా ప్రశ్న. మావాడు "అది డిఫాల్టుమా" అన్నాడు. డిఫాల్ట్ అంటే మనం ఏదీ అడక్కపోతే వాళ్లంతట వాళ్లు పెట్టేది. హోటల్లో కూర్చోగానే అడక్కుండా ఆకులో పడే చట్నీ లాంటిది. అందరికీ అదే పడుతుంది, చాలామంది అదే తింటారు. మార్చుకోవచ్చని తెలిసినవాడు మార్చుకుంటాడు. తెలియనివాడు, ముఖ్యంగా తన నోటికి రుచి వేరని తనకే తెలియనివాడు, ఏం చేస్తాడు?

ఆ తర్వాత రెండు నెలలు ఖాళీ దొరికినప్పుడల్లా మావాడిని కూర్చోబెట్టుకుని ఈ రంగుల కథ చదివాను. ఇంగ్లీషు అర్థం కానిచోట వాడు చెప్పాడు, వాడికి తోచనిది నేను చెప్పాను.

చీకటి మీద వెలుగు రాత మనకు కొత్త కాదు. మార్కాపురం పలక మీద బలపంతో ఓనమాలు దిద్దిన వాళ్లమే అందరం. అంతకు ముందు తాటాకుల కాలంలో తిరగేసి ఉండేది. గంటంతో గీస్తే గీత కనబడదు, దాని మీద మసి పూసి తుడిస్తే లేత ఆకు మీద నల్లటి అక్షరం తేలేది. కాగితమూ అదే దారి. కంప్యూటరు మాత్రం పలకతో మొదలైంది. పాత గాజుతెర లోపల ఎలక్ట్రాన్లు తగిలినచోట పూత వెలుగుతుంది, తగలనిచోట చీకటి. తెరంతా వెలిగించి నల్ల అక్షరం చూపించాలంటే అప్పటి యంత్రాలకు కష్టం, తెర రెపరెపలాడేది. అందుకే నల్లటి తెర. పూతను బట్టి అక్షరం ఆకుపచ్చ, లేదా కాషాయం, లేదా తెలుపు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన ఒంటిరంగు తెర ఆకుపచ్చదే. ఆ రోజుల్లో మావాడుంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఉన్నది ఒక్కటే రంగు, దాన్ని దేనితో కలిపి పొరబడతాడు?

అదే పీసీకి రంగుల తెర తగిలిస్తే అక్షరానికి 16 రంగులు దొరికేవి. నేలకు మాత్రం 8, ఎందుకంటే మిగిలిన ఒక్క చోటును అక్షరం మిణుకుమిణుకుమనడానికి వాడుకున్నారు. రంగును ఎంచుకునేది మనిషే అయినా ఎన్నిట్లోంచి ఎంచుకోవాలో యంత్రం చెప్పేది. ఆ పెట్టెలోంచి వచ్చిందే మన ఇంజనీరింగ్ కాలేజీలను ఏళ్ల తరబడి ఏలిన బోర్లాండ్ కంపెనీ నీలం తెర. టర్బో సి 1987లో, టర్బో సి ప్లస్‌ప్లస్ 1990లో వచ్చాయి. అమెరికాలో వాటిని మరిచిపోయిన చాలా ఏళ్ల తర్వాత కూడా మన ల్యాబుల్లో పిల్లలు ఆ నీలం మీద పసుపు అక్షరాలనే దిద్దారు. మావాడు మొదటి సంవత్సరం నేర్చుకున్నదీ దాని మీదే. అందులో వాడికి మంచి మార్కులొచ్చాయి! నీలం, పసుపు వాడి కళ్లకు ఎంత దూరం దూరంగా కనిపించే రంగులో అప్పుడు మాకు తెలీదు. పాతబడిపోయిందని అందరూ తిట్టే సాఫ్ట్‌వేర్ వాడి పాలిట మేలైంది.

కోడులో ఒక్కో రకం మాటకు ఒక్కో రంగు వేయాలన్న ఆలోచన ఎవరిదో చదివినప్పుడు నాకు మహా సంతోషం వేసింది. తెలిసినంతలో మొదటిది అనీటా క్లాక్, జాన్ చోడక్ అనే ఇద్దరు 1982లో పేటెంటుకు పెట్టిన పద్ధతి. మ్యాటెల్ కంపెనీ ఇంటెలివిజన్ అనే టీవీ ఆటల పెట్టెకు 1983లో తగిలించిన కంప్యూటరు కీబోర్డులో దాన్ని వాడారు. ఎవరి కోసం? కోడు రాయడం కొత్తగా నేర్చుకునే వాళ్ల కోసం, ముఖ్యంగా పిల్లల కోసం. తప్పు ఎక్కడుందో తేలిగ్గా కనబడాలని. రంగు అక్కడికి అలంకారంగా రాలేదు, చెయ్యి పట్టుకుని నడిపించడానికి వచ్చింది. ఆ చెయ్యే మావాడిని గుంటలోకి తోసింది అనుకుంటే బాధ కాదా.

ఇంకొకటి కూడా చెప్పాలి, తెలుగు చదువుకున్నదాన్ని కదా. 1985 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువును కంప్యూటర్లోకి ఎక్కించడానికి మైక్ కౌలిషా అనే ఐబీఎం ఇంజనీరు లెక్స్ అనే ఎడిటరు రాశాడు. రంగులతో రాతను విడగొట్టి చూపించిన తొలి ఎడిటర్లలో అదొకటి. నిఘంటువులో ఆరోపం ఏది, అర్థం ఏది, ఉదాహరణ ఏది అన్నది చూడగానే తెలియాలి. బ్రౌణ్యంలో ఒక్క మాట వెతకడానికి పుటలు తిరగేసిన వాళ్లకు ఆ అవసరం అర్థమవుతుంది.

ఈలోగా తెర మళ్లీ కాగితమైంది. 1981లో జిరాక్స్ స్టార్, 1984లో యాపిల్ మెకింతోష్ తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలతో వచ్చాయి, ఆఫీసులూ ఇళ్లూ వాటి వెంట నడిచాయి. కోడు రాసేవాళ్లలో చాలామంది మాత్రం పలకను వదల్లేదు. 2006లో నెదర్లాండ్స్‌కు చెందిన విమర్ హేజెన్‌బర్గ్ అనే డిజైనరు మోనోకై అనే రంగుల పొందిక చేశాడు. ముదురు నేల, గులాబీ, పసుపు, లేత ఆకుపచ్చ, ఊదా. సబ్లైమ్ టెక్స్ట్ అనే ఎడిటరు చాలా ఏళ్లు దాన్నే డిఫాల్టుగా పెట్టింది. 2011లో ఈథన్ స్కూనోవర్ అనే ఆయన సోలరైజ్డ్ అని 16 రంగులు తయారు చేశాడు. పగలు తెల్లటి నేల మీదా, రాత్రి ముదురు నేల మీదా అవే ఎనిమిది అక్షర రంగులు పని చేసేలా, వెలుగు తేడాలను కొలిచి మరీ పొదిగాడు. నేను ఆ రెంటినీ చూశాను. మోనోకై పెళ్లివారి పట్టుచీర, సోలరైజ్డ్ ఉతికి ఉతికి మెత్తబడిన నేతచీర. నాకు రెండోదే నచ్చింది.

అమ్మలం కాబట్టి "నల్లటి తెర కళ్లకు మంచిదా కాదా" అన్న ప్రశ్న మనకు ముందొస్తుంది. చీకటి గదిలో తెల్లటి తెర గుచ్చుతుంది, నిజమే. అయితే నేల నల్లగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది, దృష్టిలో చిన్న వంకర ఉన్నవాళ్లకు వెలుగు అక్షరం అలుక్కుపోయినట్టుంటుంది. కాబట్టి గదినీ కంటినీ బట్టి.

ఇక మావాడి తెర. మైక్రోసాఫ్ట్ వాళ్ల వీఎస్ కోడ్ 2015లో వచ్చింది, ఇప్పుడు పిల్లలందరి చేతిలోనూ అదే. చాలా ఏళ్లు దాని డిఫాల్ట్ డార్క్ ప్లస్ అనే థీమ్. ముదురు బూడిద నేల. భాషకు చెందిన మాటలు నీలం. కోడు మధ్యలో మనిషి తనకోసం రాసుకునే వ్యాఖ్యలు ఆకుపచ్చ. ఉన్నదున్నట్టు చూపించాల్సిన రాతలు నారింజ కలిసిన గోధుమరంగు. కలిపిన లైన్లకు పచ్చ, తీసేసిన వాటికి ఎరుపు. 2023లో డిఫాల్టును మార్చి డార్క్ మోడర్న్ అన్నారు. మావాడు దాని ఫైలు తెరిచి చూపించాడు. అక్షరాల రంగులు పాత డార్క్ ప్లస్ నుంచే తెచ్చుకుంటోంది. గోడలకు సున్నం మారింది, సామానంతా అదే.

ఆ పచ్చనీ ఆ గోధుమనీ పక్కపక్కన పెట్టి "తేడా ఏమైనా ఉందా?" అని అడిగాను. "ఇది కొంచెం వెలుగుమా, అంతే" అన్నాడు. అంటే ఏడాదిపాటు ఏది ప్రోగ్రాము చేసే పనో, ఏది ఊరికే రాసుకున్న వ్యాఖ్యో, రంగు సాయం లేకుండా ప్రతి అక్షరమూ చదివి తెలుసుకున్నాడన్నమాట. పక్కవాడు చూపుతో పట్టేదాన్ని వీడు చదివి పట్టాలి. నిదానస్తుడనుకున్నారు. నేనూ రెండుసార్లు అన్నాను ఆ మాట. నాయనను ఓపిక లేదన్నాం, వీణ్ణి నిదానం అన్నాం!

కుట్రేమీ లేదు. అలవాటు. ట్రాఫిక్ లైటు నుంచి పరీక్ష పేపరు దాకా ఎరుపంటే వద్దని, పచ్చంటే సరేనని అందరికీ నాటుకుపోయింది. రంగులు ఎంచేవాడి కళ్లకు అవి రెండూ వేరుగా కనిపించాయి, అక్కడితో సరిపోయింది. కళ్లు వేరైన వాడు ఎంచితే ఎలా ఉంటుందో కూడా మనకు తెలుసు. మనం రోజూ చూసే ఫేస్‌బుక్ నీలంగా ఎందుకుందంటే, మార్క్ జుకర్‌బర్గ్‌కు ఎరుపు, ఆకుపచ్చలు సరిగా తెలియవు. బాగా కనబడేది నీలమేనని ఆయనే చెప్పాడు. కోట్లమంది గోడకు ఆయన కంటి రంగు!

మా మదనపల్లెకూ ఇందులో ఒక ముడి ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి థియొసాఫికల్ కాలేజీకి వచ్చి బస చేశారు. జనగణమనను ఇంగ్లీషులోకి ఇక్కడే అనువదించారు. మార్గరెట్ కజిన్స్ బాణీ కూర్చారు. ఈ సంగతి మా పక్క బళ్లలో ప్రతి ఏడూ చెబుతారు. చెప్పనిది ఇంకొకటి. అరవై దాటాక బొమ్మలు వేయడం మొదలుపెట్టిన ఆయనకు ఎరుపు, ఆకుపచ్చల విషయంలో మావాడి లాంటి తేడానే ఉందని పరిశోధకులు రాశారు. ఆయన రచనల్లో, బొమ్మల్లో రంగులు ఎలా వచ్చాయో చూస్తూ కేతకీ కుశారీ డైసన్ మరి ముగ్గురితో కలిసి 1997లో బెంగాలీలో ఒక పెద్ద పుస్తకమే తెచ్చారు. ఇది మావాడికి చెప్పినప్పుడు మొదటిసారి నవ్వాడు. "అయితే ఆయన్ను కూడా మా సారు దగ్గరికి పంపాల" అన్నాడు.

డిఫాల్టును మొదటే అందరి కళ్లకూ సరిపడేలా పెట్టలేరా అంటే, పెట్టారు. లెక్కలకు బొమ్మలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చాలా ఏళ్లు ఇంద్రధనుస్సు రంగుల వరుస ఉండేది. స్తెఫాన్ వాన్ డెర్ వాల్ట్, నథానియల్ స్మిత్ అనే ఇద్దరు 2015లో దానికి బదులు విరిడిస్ అని ఊదా నుంచి పసుపుకు నడిచే వరుసను ముందుకు తెచ్చారు. రంగు తేడా తెలియని కళ్లకూ, నలుపు తెలుపు ప్రింటుకూ అర్థమయ్యేలా. 2017లో అదే డిఫాల్టయింది. ఎవరూ వెళ్లి సెట్టింగులు తిప్పనక్కర్లేదు, తమ కళ్ల గురించి తమకే తెలియని వాళ్లకు కూడా అందుతుంది. గిట్‌హబ్ వాళ్లు కూడా ఇటీవలి ఏళ్లలో వేరే థీములు చేశారు. అందులో కలిపినది నీలం, తీసేసినది నారింజ. కాకపోతే అవి వెతికి పెట్టుకోవాలి. అక్కడే నాకు వాళ్లతో పేచీ.

మావాడు దాన్నే పెట్టుకున్నాడు. తర్వాత తనకు తగ్గట్టు మార్చుకున్నాడు. కాలేజీ మానలేదు. సారుకు చెప్పమని నేను పోరాను, వాడు చెప్పలేదు, ఆ సంగతిలో నేనింక వాణ్ణి బలవంతం చేయలేదు. మా చిన్నది ఉంది. దానికీ సగానికి సగం ఇది మోసే అవకాశముంది. దానికి చెప్పాను. పెళ్లి సంబంధాలప్పుడు ఇదంతా బయట అనొద్దంది మా అక్క. రేపు వాళ్ల పిల్లాడు బడిలో ఆకుకు గోధుమరంగు వేస్తే ఎవరో ఒకరికి తెలిసుండాలి కదా అన్నాను.

సంక్రాంతికి నాయన మా ఇంటికొచ్చాడు. మావాడు తాతను పక్కన కూర్చోబెట్టుకుని తెర చూపించాడు. ముందు పాత రంగులు. "ఇందులో ఎన్ని రంగులుండాయి తాతా?" అని అడిగాడు. నాయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "రెండు... రెండే గదా" అన్నాడు. వాడు థీమ్ మార్చాడు. "ఇప్పుడు?"

ఆయన వేలు తెర మీద పెట్టి, టమోటాను ఒత్తినట్టే ఒత్తి ఒత్తి, ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. నాలుగు దాకా వచ్చి ఆగి, "మీ అవ్వను పిలువురా" అన్నాడు.